తాలింఖానా, తెలంగాణ, బొగ్గు నేల

తాలింఖానా, లేదా తాలీం, కుస్తీ నేర్పే చోటు. రేకుల షెడ్డో, పెంకుటింటి వసారానో, దాని మధ్యలో జల్లెడ పట్టిన ఎర్రమట్టి నింపిన గోదా, మూలన నిలబెట్టిన ముగ్దరాలు, గోడకు హనుమంతుడి పటం. అక్కడి ఆస్తి అంతే. ముస్లిం వస్తాదులు నడిపే తాలీముల్లో ఆ పటం ఉండదు, మిగతా సరంజామా అంతా ఒకటే. ఉత్తరాంధ్ర సాముగరిడీలు వీటికి దగ్గరి చుట్టాలు. అక్కడ కర్రసాము, కత్తిసాముకు పెద్దపీట. తెలంగాణలో పెద్దపీట కుస్తీదే.

ఈ తాలింఖానాలు ఎక్కడ పెరిగి ఎక్కడ వాడిపోయాయో చూస్తే, పట్టుల కన్నా పాల ఖర్చే చరిత్రను ఎక్కువగా నడిపినట్టు కనిపిస్తుంది. కుస్తీ పట్టేవాడికి పోటీ ఖర్చు తక్కువ, తిండి ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు ఎవరు భరిస్తే కుస్తీ వాళ్ల వాకిట్లోకి వెళ్లింది: మొదట రాజు, తర్వాత జాగీర్దారు, ఆ తర్వాత ఊరు, చివరికి ఉద్యోగమిచ్చే సంస్థ. రామగుండం, గోదావరిఖని బొగ్గు ప్రాంతం ఈ వరుసలో చివరిది. అక్కడికి చేరేసరికి బలం అలాగే ఉంది గానీ ఆట మారిపోయింది.

దక్కనులో మల్లులను రాజు పోషించిన పద్ధతికి వివరమైన పాత ఆధారం 'మానసోల్లాసం'. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్ది తొలి సగంలో కూర్చిన సంస్కృత గ్రంథమది. అప్పటికి కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులే, నేటి ఉత్తర తెలంగాణ చాళుక్యుల ఏలుబడిలోదే. గ్రంథంలో మల్లవినోదం ఒక ప్రత్యేక ప్రకరణం. మల్లులను వయసు, ఒడ్డూపొడుగు, సత్తువను బట్టి తరగతులుగా విడదీయడం, వారికి పప్పుధాన్యాలు, మాంసం, పాలు, పెరుగు, నెయ్యి రాజే సమకూర్చడం అందులో ఉన్నాయి. బరువులెత్తడం, నడక, ఈత, స్తంభం మీద చేసే శ్రమ అంటూ కసరత్తులను కూడా వేరుచేసి చెప్పింది. ఆ స్తంభశ్రమనే నేటి మల్లఖంబ్‌కు తొలి ప్రస్తావనగా చూపుతారు. వంటింటి లెక్క, సాధన క్రమం, పోటీ నియమం ఈ మూడూ ఒకే చోట రాసి పెట్టుకున్నారంటే మల్లుల పోషణ అప్పటికే దర్బారు ఖర్చుల పద్దులో స్థిరపడిందన్న మాట.

విజయనగరంలో రాజే కసరత్తు చేసేవాడు. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాశాడు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించి, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, కత్తి తిప్పి, తాగిన నూనె చెమటగా పోయేదాకా శ్రమించి, ఆపైన తన మల్లుల్లో ఒకడితో రాయలు కుస్తీ పట్టేవాడట. తర్వాత గుర్రమెక్కి తెల్లారేవరకు స్వారీ. మహర్నవమి ఉత్సవాల్లో జరిగే పోటీలనూ పాయెస్ చూశాడు. అవి పళ్లు రాలిపోయేంత, కళ్లు పోయేంత ముష్టిఘాతాలతో సాగేవని, గెలుపోటములు తేల్చే పెద్దలు ఉండేవారని రాశాడు. కొన్నేళ్ల తర్వాత వచ్చిన మరో పోర్చుగీసు వాడు నూనిజ్ రాజాస్థానంలో కుస్తీ పట్టే స్త్రీలు కూడా ఉన్నారని చెప్పాడు. ఆ పిడిగుద్దుల కుస్తీని తర్వాతి కాలంలో మైసూరు దర్బారులో జెట్టీలనే మల్లులు వజ్రముష్టి పేరుతో నిలబెట్టుకున్నారు. తెలుగు నేల మీద అది అంతగా మిగల్లేదు. తాలింఖానాలో నేర్పేది ఉత్తరాది నుంచి వచ్చిన కుస్తీ. ఇందులో గుద్దడం లేదు. పట్టు వేసి, పడదోసి, రెండు భుజాలూ నేలకు ఆనించాలి.

ఆ కుస్తీ హైదరాబాద్‌లో వేళ్లూనింది అసఫ్‌జాహీల కాలంలో. నిజాం కొలువులో అరబ్బు, రోహిల్లా దళాలు ఉండేవి. యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బారకాసులే నేటి బార్కస్. పహిల్వాన్లకు పేరుపడిన ఆ పేట నగరం నడిబొడ్డుకు దూరంగా, తోటల మధ్య పెరిగింది. బేగంబజార్, ధూల్‌పేట వైపు హిందూ వస్తాదుల తాలీములు, పాతబస్తీలో ముస్లిం వస్తాదుల తాలీములు నడిచాయి. అమీర్లు, జాగీర్దార్లు తమ పేరు చెప్పుకునే పహిల్వాన్లను పోషించేవారు. పహిల్వాన్ గెలిస్తే వాళ్ల దేవిడీ, అంటే భవంతి, పరువు పెరిగినట్టే. వస్తాదు ఏ మతం వాడైనా, శిష్యుడు ఏ మతం వాడైనా గోదాలో పట్టింపు లేకపోవడం ఈ నగరపు తాలీములకున్న మంచి పేరు. అది ఎప్పుడూ నిలకడగా నిలిచిందని చెప్పడానికి లేదు.

తాలీం తెల్లవారకముందే మొదలవుతుంది. కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి పని పార పట్టడం. రాత్రంతా బిగిసిన గోదాను తవ్వి, తిరగేసి, చదును చేయాలి. దీంతోనే భుజాలు, నడుము గట్టిపడతాయి. మట్టిలో నువ్వుల నూనె, మజ్జిగ, పసుపు, వేపాకు, కర్పూరం వంటివి కలుపుతారు, అప్పుడప్పుడు నెయ్యి కూడా. పసుపు, వేప చర్మరోగాలు రాకుండా చూస్తాయి. నూనె, మజ్జిగ మట్టిని మెత్తగా పట్టి ఉంచుతాయి. మట్టి పొడిబారితే ఒళ్లు గీరుకుపోతుంది, తడి ఎక్కువైతే కాలు జారుతుంది. ఏ రోజు ఎంత నీళ్లు చల్లాలో పాదం మోపి చెప్పగలిగినవాడే వస్తాదు. లంగోటి బిగించి, గోదా మట్టిని కళ్లకద్దుకుని, వస్తాదు కాళ్లకు మొక్కి దిగుతారు. జోడీలుగా పట్టుపట్టే సాధనను జోర్ చేయడం అంటారు. పెద్ద పహిల్వాన్ చిన్నవాడితో జోర్ చేసేటప్పుడు గెలవడానికి కాదు, వాడి తప్పు వాడికే తెలిసేలా పట్టు వదిలి పట్టిస్తాడు. ధోబీపాట్, కలాజంగ్, ఢాక్, టాంగ్ వంటి దావులు మాటలతో చెబితే రావు. ఒంటితో ఒంటికి నేర్పాల్సిందే. అందుకే కుస్తీ విద్యకు రాసిన పాఠాలు తక్కువ, గురుపరంపరలు ఎక్కువ.

పొద్దెక్కాక ఒకరికొకరు మాలిష్ చేసుకుంటారు, ఒంటి మట్టి ఆరాక స్నానం. సాయంత్రం దండీలు, బస్కీలు, ముగ్దరాలు తిప్పడం. దండీలు వందల్లో, బస్కీలు అంతకు మించి. మద్యం, పొగాకు నిషేధం. శిక్షణ కాలంలో బ్రహ్మచర్యం పాటించాలన్నది పాత వస్తాదులు గట్టిగా పట్టుబట్టిన నియమం.

ఇక తిండి. పాలు, నెయ్యి, నానబెట్టి రోట్లో నూరిన బాదం, మొలకెత్తిన శనగలు అందరికీ ఉమ్మడి. బార్కస్ వంటి చోట మాంసం, ఎముకల రసం వీటికి తోడు. రోజుకు లీటర్ల కొద్దీ పాలు, గుప్పిళ్ల కొద్దీ బాదం కూలినాలి చేసుకునే ఇంటికి అందే సరుకు కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల పాడి ఉన్న యాదవ కుటుంబాల నుంచి పహిల్వాన్లు ఎక్కువగా రావడానికి భక్తి, పౌరుషం ఎంత కారణమో ఇంట్లో బర్రెలు ఉండడం అంతే కారణం. కొడుకును గోదాకు పంపిన తండ్రి ఒక బర్రె పాలు అమ్మకానికి పోయకుండా ఆపినట్టే.

ఈ ఖర్చును ఒక వ్యవస్థ పూర్తిగా తన నెత్తిన వేసుకుంటే ఎలా ఉంటుందో జపాన్ సుమో చూపుతుంది. అక్కడ 'హేయా' అనే శిక్షణాలయంలో మల్లులు కలిసే నివసిస్తారు. దాని యజమాని రిటైరైన మల్లుడే అయి ఉండాలి. సంఘం గుర్తించిన 105 పెద్దల పేర్లలో ఒకటి అతనికి ఉండాలి. 1925లో రూపుదిద్దుకున్న జపాన్ సుమో సంఘమే శిక్షణాలయాలకు డబ్బు ఇస్తుంది. పై రెండు తరగతుల్లో ఉన్న 70 మందికే నెల జీతం. కింది తరగతుల వాళ్లు పొద్దున్నే ముందు లేచి సాధన చేస్తారు, గది ఊడ్చి, వంట చేసి, పెద్దలు తిన్నాక మిగిలిన చాంకో కూర తింటారు. గోదాకు అక్కడి మాట దోహ్యో, దాని వలయం వ్యాసం 4.55 మీటర్లు. మట్టి మీద భక్తి, గురువు మాటే చట్టం, చిన్నవాడు పెద్దవాడికి సేవ చేయడం తాలింఖానాలోనూ ఉన్నవే. అయితే సుమో పోటీకి బరువు తరగతుల్లేవు, ఏడాదికి ఆరు పెద్ద పోటీలు, టికెట్లు, ప్రసార హక్కులు ఉన్నాయి. తాలింఖానా వెనక అలాంటి ఖజానా ఎప్పుడూ లేదు. శిష్యుడు రాత్రికి తన ఇంటికే పోయి తన ఇంటి తిండే తిన్నాడు.

రాజాస్థానం అందని చోట ఖర్చు ఊరు పంచుకుంది. మంజీర, గోదావరుల పరిసరాల్లోని బోధన్, జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, ముథోల్, కుబీర్ వంటి మహారాష్ట్ర సరిహద్దు ప్రాంతాల్లో జాతర అంటే కుస్తీ ఉండాల్సిందే. ఈ అలవాటుకు మరాఠ్వాడాతో ఉన్న పొత్తు కారణం. 1956 దాకా నాందేడ్, పర్భణీ, ఉస్మానాబాద్‌లు ఇదే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. ఇంకాస్త పడమట కొల్హాపూర్‌లో షాహూ మహారాజు కుస్తీకి ఇచ్చిన ఊతం ఆ గాలిని దక్కను అంతా వీచేలా చేసింది. ఆయన కట్టించిన ఖాస్‌బాగ్ మైదానం 1912 నాటిది. ఇప్పటికీ ఈ జాతరలకు నాందేడ్, దెగ్లూర్ వైపు నుంచి పహిల్వాన్లు వస్తారు.

జాతర కుస్తీ క్రమం చూడముచ్చటగా ఉంటుంది. ఊరి పిల్లలతో మొదలవుతుంది, గెలిచినవాడికి కొబ్బరికాయ. తర్వాత పది రూపాయల కుస్తీ, యాభై రూపాయల కుస్తీ, వంద, ఐదు వందలు అంటూ ఇనాం పెరుగుతూ పోతుంది, పొద్దువాలే వేళకు వెండి కడెం కుస్తీ. ఆ ఆఖరి జోడీ కోసమే ఊళ్లకు ఊళ్లు కదిలి వస్తాయి. తూకం వేసే యంత్రం ఉండదు. ఇద్దరి చేతులూ పట్టి నిలబెట్టి, జోడీ కుదిరిందా లేదా అన్నది ఊరిపెద్దలు, చుట్టూ కూర్చున్న జనం కంటితోనే తేలుస్తారు. ఇనాం డబ్బు గ్రామాభివృద్ధి కమిటీ ఇస్తుంది, లేదా ఊళ్లో ఎవరో ఒకరు తమ పేరున ప్రకటిస్తారు. డప్పు ఆగదు. భుజాలు నేలకు తగలగానే గెలిచినవాణ్ని ఎత్తుకుని తిప్పుతారు. ఓడినవాడికీ దారి ఖర్చులు ఇచ్చి పంపడం చాలా ఊళ్లలో మర్యాద.

బోధన్ దగ్గరి హున్సాలో హోలీ నాడు కుస్తీ పోటీలయ్యాక పిడిగుద్దులాట జరుగుతుంది. మధ్యలో తాడు కట్టి, ఊరి మగవాళ్లు రెండు జట్లుగా నిలబడి కొన్ని నిమిషాల పాటు పిడికిళ్లతో కొట్టుకుంటారు. ఆపైన కావలించుకుని, కాముణ్ని కాల్చిన బూడిద దెబ్బలకు రాసుకుంటారు. పోలీసులు వద్దన్నా ఆపితే ఊరికి కీడని నమ్మి కొనసాగిస్తున్నారు. పాయెస్ చూసిన పిడిగుద్దులకూ దీనికీ సంబంధం ఉందని చెప్పే ఆధారం లేదు, పోలిక మాత్రం కొట్టిపారేయలేనిది.

20వ శతాబ్ది మొదట్లో ఒంటి బలానికి కొత్త అర్థం వచ్చింది. 1904-05లో పేరుమోసిన బలప్రదర్శకుడు సాండో భారతదేశంలో ప్రదర్శనలిచ్చాడు. అదే కాలంలో శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు సర్కస్ పెట్టి దేశమంతా తిరిగాడు. ఇనుప గొలుసులు తెంచడం, ఏనుగును ఛాతీ మీద నిలుపుకోవడం, మోటారుకారును కదలకుండా ఆపడం అతని ప్రదర్శనలు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందిన ఈ శాకాహారి లండన్ దాకా వెళ్లాడు, కలియుగ భీముడనిపించుకున్నాడు, 1942లో చనిపోయాడు. అతని పోషకుడు రాజు ఒక్కడే కాదు, టికెట్టు కొన్న జనం కూడా. తెలుగు పట్టణాల్లో వ్యాయామశాలలు పుట్టడానికి అతని పేరు చాలా చోట్ల ఊపిరి పోసింది. నిజాం రాష్ట్రంలో ఆ పని ఆర్యసమాజం చేసింది. 1930 దశకంలో వ్యాయామశాల అంటే కసరత్తుతో పాటు రాజకీయం కూడా. అనుమతి లేకుండా అఖాడాలు పెట్టరాదన్న నిబంధనపై ఫిర్యాదు 1938-39 ఆర్యసమాజ సత్యాగ్రహంలో వినిపించిన వాటిలో ఒకటి. తాలీములో మతం పట్టింపు గట్టిపడింది ఈ కాలంలోనే.

1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన ముగిసింది, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు అమల్లోకి వచ్చింది. దేవిడీల పోషణ దాంతో ఆగింది. పేరు మాత్రం వెంటనే తగ్గలేదు. 1958లో మొదలైన హింద్ కేసరి అనే జాతీయ కుస్తీ బిరుదు తొలి పోటీకి హైదరాబాదే వేదిక. తర్వాత తర్వాత పాలు పోసేవాళ్లు తగ్గి, నగరంలో గోదా ఉన్న స్థలం ధర పెరిగి, ఒక్కో తాలీమూ దుకాణమో జిమ్మో అయింది. కొందరు పహిల్వాన్లు భూతగాదాల్లో బలం చూపించుకునే పనికి దిగడంతో ఆ మాటకున్న మర్యాద కూడా చెడింది.

బొగ్గు ప్రాంతం కథ ఇక్కడ కలుస్తుంది. ఇల్లెందు దగ్గర బొగ్గును 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, 1945లో నిజాం ప్రభుత్వం దాని వాటాల్లో అధిక భాగం కొంది. తవ్వకం ఇల్లెందు నుంచి బెల్లంపల్లికి, కొత్తగూడేనికి పాకి, 1960 దశకం మొదట్లో గోదావరి ఒడ్డున రామగుండానికి చేరింది. గోదావరిఖని పట్టణం గనుల చుట్టూ పుట్టిందే. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి, ఆంధ్ర ప్రాంతం నుంచి, ఉత్తరాది నుంచి కూడా జనం వచ్చి చేరారు. తమ ఊరి జాతర కుస్తీని చూసి పెరిగినవాళ్లు అందులో చాలామంది.

పైగా గని బలమున్నవాణ్నే కోరింది. యంత్రాలు రాకముందు బొగ్గు నింపే ఫిల్లర్ పని తట్టా, చెమ్మాస్ అనే పారతోనే. పేలుడుకు రాలిన బొగ్గును చెమ్మాస్‌తో తట్టకెత్తి, వంగి నడవాల్సిన చోట మోసి, టబ్బు నింపాలి. కూలీ టబ్బుల లెక్కన. ఆ పని చేసిన ఒంటికి దండీలు, బస్కీలు అవసరం లేదనిపిస్తుంది గానీ, నిజానికి వాటికి ఓపికే మిగలదు. మూడు షిఫ్టుల పని తాలింఖానా పద్ధతికి మరో అడ్డంకి. రోజూ ఒకే వేళకు తెల్లవారుజామున గోదా తవ్వాలంటే ఈ వారం మొదటి షిఫ్టు, వచ్చే వారం రాత్రి షిఫ్టు అయినవాడికి కుదరదు. వస్తాదుకూ శిష్యుడికీ ఒకే షిఫ్టు పడాలి కదా.

అందువల్ల బొగ్గు నేల మీద బలానికి పోషకురాలైన సింగరేణి సంస్థ కుస్తీ కన్నా ఇతర ఆటలకు ఎక్కువ చోటిచ్చింది. వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ద్వారా ఏరియాల వారీగా, తర్వాత కంపెనీ స్థాయిలో పోటీలు జరుగుతాయి. అక్కడ ఎంపికైనవాళ్లు దేశంలోని ఇతర బొగ్గు సంస్థలతో తలపడే కోల్ ఇండియా పోటీలకు వెళ్తారు. కబడ్డీ, వాలీబాల్ వంటి ఆటలతో పాటు వెయిట్ లిఫ్టింగ్, పవర్ లిఫ్టింగ్, బాడీ బిల్డింగ్‌లకు ఇందులో స్థిరమైన స్థానం ఉంది. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం కంపెనీ మైదానాలు. ఇనుప బరువుకు షిఫ్టు పట్టింపు లేదు, జోడీ అక్కర్లేదు. ఎత్తిన కిలోలు ఏ ఊళ్లో ఎత్తినా ఒకటే. పతకాల లెక్కతో నడిచే సంస్థకు ఇది అనువైన ఆట.

తాలింఖానా క్రమశిక్షణకు బొగ్గు ప్రాంతంలో దగ్గరగా వచ్చేది, ఆశ్చర్యంగా, ఆట కాదు. గని ప్రమాదాల్లో దిగే రెస్క్యూ దళం. 1985 మైన్స్ రెస్క్యూ నిబంధనల ప్రకారం ఎంపికకు ముందు వైద్య పరీక్ష, ఆ తర్వాత ఏళ్ల తరబడి క్రమం తప్పని సాధన ఉండాలి. శ్వాస పరికరం వీపున కట్టుకుని, పొగ నింపిన గ్యాలరీలో, వేడిలో బరువులు మోస్తూ సాధన చేస్తారు. రామగుండంలో రెస్క్యూ స్టేషన్ ఉంది. దళాల మధ్య అఖిల భారత స్థాయిలో పోటీలు కూడా జరుగుతాయి. ఒక బోధకుడి కింద, ఒక చోట, యజమాని ఖర్చుతో ఒంటిని సిద్ధంగా ఉంచుకునే పద్ధతి ఇక్కడ పూర్తిగా ఉంది.

1980ల నుంచి లోడింగ్ యంత్రాలు వచ్చాక తట్టా చెమ్మాస్ పని క్రమంగా పోయింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య 2020లకు 40,000 దరిదాపులకు వచ్చింది. కుస్తీ కూడా మట్టి వదిలి 9 మీటర్ల వలయమున్న పరుపు మీదికి వెళ్లింది. బరువు తరగతులు, మూడేసి నిమిషాల రెండు రౌండ్లు, పాయింట్లు వచ్చాయి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మహారాష్ట్రకు చెందిన కె.డి. జాధవ్ కాంస్యం గెలిచింది పరుపు మీదే. మట్టి సాధనకూ పరుపు పోటీకీ తేడా ఉంది. మట్టిలో నిదానంగా, ఓపిగ్గా పట్టు కుదిరేదాకా ఆగవచ్చు. పరుపు మీద మొదటి నిమిషంలోనే పాయింట్ తేవాలి. రాష్ట్ర, జాతీయ పోటీలు, క్రీడా కోటా ఉద్యోగాలు అన్నీ పరుపు కుస్తీకే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు గోదాలో నేర్చినవాడు కూడా పరుపు మీద మళ్లీ నేర్చుకోవాలి. మట్టి కుస్తీకి మిగిలింది సరిహద్దు ఊళ్ల జాతర. శివరాత్రి, హోలీ, ఉగాది మీదుగా ఎండలు ముదిరేదాకా, పంట చేతికొచ్చి ఊరి దగ్గర డబ్బు ఆడే నెలల్లో కడెం కుస్తీలు ఇంకా జరుగుతున్నాయి.